ఆకు చూసి ఆడదన్నాను

రిటైరై ఇన్నేళ్ళయినా నన్ను వదలరు. పొద్దున్నే ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడతారు. చేతిలో నల్ల ప్లాస్టిక్ సంచి, అందులో జానెడు జాజికాయ మొక్క. "దీదీ, ఇది ఆడదా మగదా జర చూసి చెప్పండి" అంటారు. నాకు తెలియదంటే నమ్మరు. జీవితమంతా ప్రభుత్వ నర్సరీలో పనిచేసిన మనిషికి తెలియకపోవడమేమిటని కొందరు మొహం మీదే అంటారు. బెట్టు చేస్తోందని ఇంకొందరు గేటు దాటాక అంటారు. అననీ. పూత పూసేదాకా ఆగండి, అప్పుడు మీకే తెలుస్తుంది అని చెప్పి లోపలికి వచ్చేస్తాను. ఇంతకంటే విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

చెప్పిన రోజులు లేకపోలేదు. ఆకు వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకేసి చూసి, ఇది ఆడది, ఇది మగది అని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరిపారేసేదాన్ని. నా మాటకు తిరుగులేదని మా బాంబూఫ్లాట్ ఊళ్ళో తెలుగువాళ్ళంతా అనుకునేవాళ్ళు. నేనూ అనుకునేదాన్ని. మొన్న ఒకావిడ వచ్చి, "మీరు చేపలత్తకు ఏరిచ్చారటగా, ఆ తోట ఇప్పటికీ కాస్తోందట, నాకూ ఆ చేత్తోనే ఏరిపెట్టండి" అంది. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ తప్పేం లేదు, పాపం. ఆవిడ విన్నది అలా ఉంది. అసలు జరిగింది చెప్పడానికి ఇక నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి, బద్ధకం పక్కన పెట్టి రాస్తున్నాను.

మా నాన్న గోదావరి వైపు నుంచి ఓడెక్కి వచ్చి హాడోలో రేవు పనికి కుదిరాడు. తెల్లదొరలు ఖైదీలను పంపిన ఈ దీవులకు, స్వాతంత్ర్యం వచ్చాక, మనుషులు కావాలని పిలిచిన రోజులవి. సరుకు దించాలి, రోడ్లు వెయ్యాలి, అడవి కొట్టాలి. నేను పుట్టేసరికి మావాళ్ళు హార్బరుకు ఇవతల బాంబూఫ్లాట్‌కి మారారు. బడిలో హిందీ, వీధిలో హిందీ. తెలుగు అక్షరాలు ఆదివారం చర్చిలో నేర్చుకున్నాను, అదీ అమ్మ తొడపాశం పెడితే. నాన్న పోయాక ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. అవతలి ఒడ్డున నర్సరీలో నాకు మజ్దూరు పని దొరికింది. పొద్దున ఫెర్రీ, సాయంత్రం ఫెర్రీ. మట్టి నింపడం, గింజ పెట్టడం, నీళ్ళు పట్టడం. పోనుపోను అంట్లు కట్టడం చేతికొచ్చింది కాబట్టి ఉద్యోగం పర్మనెంటయింది.

కొబ్బరిచెట్ల నీడలో జాజికాయ వేసుకోమని అప్పట్లో ఊరూరా మొక్కలు పంచేవారు. జాజికాయలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. కాసేది ఆడదే. పది ఆడచెట్లకు ఒక్క మగచెట్టు పుప్పొడి చాలు. కానీ గింజ నుంచి లేచిన మొక్కల్లో ఇంచుమించు సగం ఆడ, సగం మగ. ఏది ఏదో తెలియాలంటే పూత పూయాలి, పూతకు ఆరేడేళ్ళు పడుతుంది. మాలాగే వచ్చి స్థిరపడ్డ బెంగాలీవాళ్ళు, రాంచీవాళ్ళు ఇచ్చిన మొక్క తీసుకుని పోయేవాళ్ళు. మనవాళ్ళు అలా కాదు. తాటితోపుల్లో పెరిగిన మనుషులు. పోతుతాడి కాయదు, పెంటితాడి కాస్తుంది అన్న సంగతి ఉగ్గుపాలతో నేర్చుకున్నవాళ్ళు. మొక్క చేతిలో పెట్టీ పెట్టగానే "పెంటిదేనా?" అని అడిగేవాళ్ళు. ఏమో అంటే సంచి అక్కడే దింపేసి వెళ్ళిపోయేవాళ్ళు.

వాళ్ళను సమాధానపరచడానికి మా మేస్త్రీ ఒక విద్య కనిపెట్టాడు. ఆయనదీ ఉత్తరాంధ్ర సముద్రపుటొడ్డే. వాళ్ళ తాత తాటిటెంకను అరచేతిలో తిప్పి చూసి పోతో పెంటో చెప్పేవాడట. ఆ లెక్కన ఈయన జాజికాయ ఆకు పట్టుకున్నాడు. "ఆడదాని ఆకు ఎడల్పుగా ఉంటాది, ఈనెలు అడ్డంగా పడుకునుంటాయి. మగోడి ఆకు సన్నం, ఈనెలు పైకి లెగిసిపోతాయి. సూసేవా?" అని నాకు నేర్పాడు. ఏ పుస్తకంలో ఉందని నేను అడగలేదు. మగవని తేల్చినవాటిని వెనకాల ఎరువు గోతిలో పడేయించేవాడు. నేర్పిన రెండేళ్ళకు ఆయన మాయాబందర్‌కు బదిలీ అయి పోయాడు. ఏరే పని నాకు వదిలేసి వెళ్ళాడు.

చేపలత్త గురించి చెప్పాలి. పేరు ఉంది గానీ వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్ళు కాదు. వాళ్ళాయనా ఆవిడా శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చారు. ప్రభుత్వం ఆయనకు పడవా, మా వీధి పైన కొండవాలులో కాస్త నేలా ఇచ్చింది. నేల నిండా కొబ్బరి పెట్టి, కొబ్బరి కాపుకు రాకముందే ఆయన జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. అప్పటి నుంచి ఆవిడ జెట్టీలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని, కొండ ఎక్కుతూ దిగుతూ ఇంటింటికీ అమ్మేది. కానాగడతలు, కవళ్ళు, మంచిరోజయితే వంజరం. గంప బరువు తక్కువేం కాదు. మా ఇంటి అరుగు మీద దింపి, మెడ రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది.

ఒకరోజు ఫెర్రీ ఎక్కి నర్సరీకే వచ్చింది. "కొబ్బరి కింద జాజికాయ ఎట్టమంతన్నారు గదా పాపా. నాకూ ఇయ్యి. ఆ సెట్లు కాపుకొచ్చిన్నాడు ఈ గంప దించేస్తాను. మెడ నరాలు లాగేస్తన్నాయి" అంది. కొబ్బరి మీద వచ్చేది తిండికి సరిపోదు. జాజికాయా, దాని మీది జాపత్రీ రెండూ అమ్ముడుపోతాయి, ఇంటి దగ్గర కూర్చుని ఒలుచుకోవచ్చు. ఆవిడ కోరుకున్నది అంతే. గంప దించడం.

ఆవిడ వరసల మధ్య తిరిగి తనకు నచ్చినవి పన్నెండు తీసి పక్కన పెట్టుకుంది. ఎలా ఎంచిందో నాకు తెలియదు, కళ్ళకు నదురుగా కనిపించినవి తీసుకుని ఉంటుంది. నేను చూసి నవ్వాను. అందులో ఏడు సన్నాకువి. "అత్తా, ఇవన్నీ మగవి. నీకు కొబ్బరికాయ కొట్టడం వచ్చు గానీ ఇది రాదు" అని మేలమాడి, ఆ ఏడూ తీసేసి వెడల్పాకువి ఏడు పెట్టాను.

"పక్కా ఆడవేనా?" అంది.

"పక్కా. నన్నడుగు."

తీసేసిన ఏడింటినీ గోతిలో వెయ్యాలి. కళ్ళెదురుగా పచ్చగా ఉన్నాయి, మనసొప్పలేదు. మగవైతే మాత్రమేం, నీడకు పనికొస్తాయిలే అని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఇద్దరం ఒకే ఫెర్రీలో వచ్చాం. ఆవిడ ఒళ్ళో ఆడమొక్కలు, నా కాళ్ళ దగ్గర మగమొక్కలు. దారంతా నేను వాటి గురించి ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను, ఆవిడ తల ఊపుతూనే ఉంది. మా పెరట్లో మురుగు కాలవ పక్కన పాతాను. రెండు చచ్చిపోయాయి, అయిదు బతికాయి.

తర్వాతి ఆరేళ్ళ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఆవిడ చెట్లకు నీళ్ళు మోసింది. వేసవిలో కొండ కింది పంపు నుంచి బిందెలతో మోసింది. పొద్దున చేపల గంప, సాయంత్రం నీళ్ళ బిందె, రెండూ ఆ మెడ మీదే. చేపలమ్మడానికి వచ్చినప్పుడల్లా చెట్ల కబురు చెప్పేది. నడుమెత్తు వచ్చాయి. భుజాలు దాటాయి. ఒకటి తుపాను గాలికి విరిగింది, పదకొండున్నాయి. వింటూ నేను కవళ్ళు ఏరుకునేదాన్ని. మెడ ఎలా ఉందని అడిగితే, "ఉన్నాది, ఎక్కడికెల్తాది" అనేది.

ఏడో ఏడు మా పెరట్లో చెట్లు పూశాయి. నేను మగవని తెచ్చుకున్నవి. పనికిరానివాటి పూత ఏం చూస్తామని నేను చూడలేదు. ఒకరోజు అమ్మ, "ఇదేమిటే, పిందెలున్నాయి" అంది. వెళ్ళి చూశాను. అయిదింటిలో నాలుగింటికి పిందెలు నిలిచాయి, అప్పటికే ఉసిరికాయలంత ఉన్నాయి. కొమ్మ కిందకు వంచి మళ్ళీ చూశాను. ఆకు సన్నమే. ఈనెలు పైకే. కాయ మాత్రం కాయే. ఆకుతో ఏ సంబంధమూ లేదన్నమాట. ఇన్నేళ్ళుగా ఎంతమందికి ఏమిచ్చానో. ఎరువు గోతిలో ఎన్ని ఆడమొక్కలు కుళ్ళిపోయాయో.

పదిరోజులు గడవకముందే చేపలత్త గంప లేకుండా పరుగు పరుగున వచ్చింది. "రా పాపా, సూద్దువుగాని. సెట్టు నిండా పూతే. గుత్తులు గుత్తులు" అంది. గుత్తులు అనగానే నాకు అర్థమైంది. ఆడచెట్టు అలా పూయదు, ఒకటో రెండో పూలు పూస్తుంది. గుత్తులుగా పూసేది మగది. అయినా వెళ్ళాను. కొండ ఎక్కుతూ దేవుణ్ణి అడిగాను, రెండైనా, మూడైనా ఆడవి ఉండనీ అని. పదకొండు చెట్లూ తిరిగాను. సన్నటి లేతపసుపు గంటల్లాంటి పూలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఒక పువ్వు చీల్చి చూశాను, లోపల పుప్పొడి కాడ తప్ప ఇంకేమీ లేదు. తొమ్మిది మగవి. రెండు ఆడవి, ఆ రెండూ ఆవిడ తన చేత్తో ఎంచుకున్న అయిదింటిలోవే. నేను వేలుపెట్టి మార్చినవాటిలో ఒక్కటీ ఆడది కాదు.

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. "అన్నీ కాస్తాయా?"

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. "తొలి పూత నిలవదత్తా. రాలిపోతుంది. పైఏడు చూద్దాం" అన్నాను.

"పైయేడా" అంది. "ఇన్నేళ్ళు సూసేను, ఇంకో యేడుకేటిలే" అంది.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే, "చెప్పి ఏం చేస్తావే? మగచెట్టును ఆడది చేస్తావా? ఊరికే ఆవిడ మనసు పాడుచేయడం తప్ప" అంది. అమ్మకు తెలియక అంది. నేను చేయగలను. అదే నా ఉద్యోగం. మగచెట్టును నడుమెత్తున కోసేస్తే మోడు నుంచి కొత్త చిగుళ్ళు వస్తాయి. ఆ చిగుళ్ళకు ఆడచెట్టు కొమ్మ అంటుకడితే నాలుగేళ్ళలో కాపుకొస్తుంది. వేరు మగదే, కాయ మాత్రం వస్తుంది. నర్సరీలో నేను చేసే పనే. ఆడకొమ్మ కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, మా పెరట్లోనే ఉంది. కాని అలా చెయ్యాలంటే ముందు నా నోటితో చెప్పాలి. నీ దగ్గర తీసేసి నేను తెచ్చుకున్నవే కాశాయి, నేను ఏరిచ్చినవి కాయలేదు అని. ఊళ్ళో నా మాటకున్న విలువంతా అక్కడే పోతుంది. మగచెట్టు కూడా ఒక్కోసారి నాలుగు కాయలు కాస్తుందని మేస్త్రీ అనేవాడు. అది అబద్ధం కాదు, నేను కూడా ఒకటి రెండు చూశాను. దాన్నే పట్టుకుని వేలాడాను.

చాలా ఏళ్ళ తర్వాత, అంతా అయిపోయాక, నేను రిటైరయ్యాక, మెయిన్‌లాండ్ నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చాడు. పాతవాళ్ళం కదా అని నన్నూ ఆ మీటింగుకు పిలిచారు. చలిదేశాల్లో విల్లో, పాప్లార్ అనే చెట్ల మీద పనిచేసిన మనిషి. ఆ రెండూ ఒకే కుటుంబమట, అక్కచెల్లెళ్ళలాంటివి. రెండింటిలోనూ మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు, మన జాజికాయలాగే. చెట్టు ఆడో మగో తేల్చేది కణం లోపల క్రోమోజోముల మీద ఒక చిన్న చోటు అన్నాడు. పాప్లార్‌లో చాలావాటికి ఆ తేడా మగచెట్టు దగ్గర ఉంటుంది, కాబట్టి పుప్పొడి తేలుస్తుంది. విల్లోల్లో చాలావాటికి ఆడచెట్టు దగ్గర ఉంటుంది, తల్లే తేలుస్తుంది. అన్ని విల్లోలూ అలాగే అనుకోవద్దు, కొన్ని పాప్లార్ దారిలోనే పోతాయి అన్నాడు. ఒకే ఇంటి చెట్లకు ఇదేం విడ్డూరమని నేను హిందీలో అడిగాను. ఆయన నవ్వి, ఆ చోటు లక్షల ఏళ్ళుగా ఒక క్రోమోజోము మీంచి ఇంకోదాని మీదకు గెంతుతూ వస్తోందమ్మా, కుదురుగా ఉండదు అన్నాడు. వాటి పాత పూర్వీకుల పూలలో ఆడా మగా కలిసే ఉండేవట, తర్వాతెప్పుడో చెట్లు విడిపోయాయట. ఇప్పటికీ ఆ చెట్లలో ఒకే ఒక్క జన్యువు స్విచ్‌లా పనిచేస్తుందట. అది పనిచేస్తే ఆడ, ఆగిపోతే మగ. మిగతా చెట్టంతా ఒకటే. వేరూ, బెరడూ, ఆకూ అంతా ఒకటే.

మీటింగయ్యాక ఆయన దగ్గరకు వెళ్ళి, "జాజికాయ సంగతేమిటి సార్?" అని అడిగాను. ఇంకా పూర్తిగా తేలలేదు, పని జరుగుతోంది అన్నాడు. "ఆకు చూసి చెప్పొచ్చా?" అన్నాను. "నహీఁ మేడం. ఆకులో ఏమీ రాసి ఉండదు" అన్నాడు. ఫెర్రీలో వస్తూ కాసేపు తేలిగ్గా అనిపించింది. చదువుకున్నవాళ్ళకే అందనిది నాకేం అందుతుంది, నా తప్పేముంది అనుకున్నాను. జెట్టీ వచ్చేసరికి ఆ తేలిక పోయింది. నేను జవాబు చెప్పుకోవాల్సింది ఆకు గురించి కాదు.

మళ్ళీ అప్పటి మాటకొస్తే, పైఏడు వచ్చింది. మళ్ళీ గుత్తులుగా పూత, మళ్ళీ రాలిపోయింది. ఆ రెండు ఆడచెట్లు మాత్రం ఓ పాతిక కాయలు కాశాయి. "తతిమ్మావి ఎందుకు నిలవనేదు?" అంది. "గాలి ఎక్కువ కదత్తా కొండ మీద. ఇంకో ఏడు ఆగు" అన్నాను. అంత తడుముకోకుండా ఎలా అన్నానో నాకే తెలియదు. ఇంటి దగ్గర మా అమ్మ కాయలు చీల్చి, గింజ మీది ఎర్రటి జాపత్రి ఒలిచి, చేటలో పోసి వాకిట్లో ఆరబెట్టింది. తొక్కతో పచ్చడి పెట్టింది. నేను ముట్టుకోలేదు.

ఆ తర్వాత చేపలత్త మా వీధికి రావడం తగ్గించింది. పక్కవీధి దాకా వచ్చి అటునుంచి అటే కొండ ఎక్కేది. మెడనొప్పికి మా మెరక ఎక్కలేక రావడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. జెట్టీలో ఎదురైతే పలకరించేది. నాలుగడుగులకోసారి గంప దింపుకునేది, మళ్ళీ ఎత్తడానికి ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. ఒకటి రెండుసార్లు నేనే వేశాను. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని అంది. విని ఫెర్రీ ఎక్కేశాను.

ఆ ఏడాది చివర్లో మా చర్చిలో కోతల పండుగ వచ్చింది. ఎవరింట్లో పండిన తొలిఫలం వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, పసుపు, పోకగెల, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు. అమ్మ పళ్ళెం నిండా జాజికాయలు పోసి, పైన జాపత్రి పేర్చి ఇచ్చింది. ఆ ఎరుపు అందరి కళ్ళలోనూ పడింది. పాస్టరుగారు, "ఏడెనిమిదేళ్ళు ఓపిక పట్టినందుకు దేవుడిచ్చిన ఫలం. మన చెల్లెలు లేచి సాక్ష్యం చెప్పాలి" అన్నారు. సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలు ఉన్నది ఉన్నట్టు నలుగురిలో చెప్పడం. లేచి నిలబడ్డాను. "ఈ మొక్కలు..." అన్నాను. ఈ మొక్కలు ఎవరివో ఆ బల్ల ముందు ఎలా చెప్పను? చెప్పకుండా దేవుడిచ్చాడని ఎలా అనను? అంతా నావైపే చూస్తున్నారు. ఆనందం పట్టలేక ఆగిపోయాననుకుని ముందువరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. సిగ్గుతో చచ్చిపోయి కూర్చున్నాను.

మర్నాడు పొద్దున సెలవు పెట్టి కొండెక్కాను. చేపలత్త వాకిట్లో ఇసక వేసి గంప తోముతోంది.

"అత్తా, నీ చెట్లు మగవి. తొమ్మిదీ మగవే. తొలి పూతప్పుడే నాకు తెలుసు" అన్నాను. నిలబడే చెప్పాను.

ఆవిడ తోమడం ఆపలేదు. "తెలుసు" అంది.

"ఎలా తెలుసు?"

"మీ వాకిట్లో సేటలో జాపత్రి ఆరబోసినప్పుడే తెలిసినాది. ఎర్రగా కనపడ్డాది. ఆ మొక్కలు నా ముందే గదా ఫెర్రీ ఎక్కించేవు. మా సెట్టు పూత గుత్తులు, మీ సెట్టుది కాదు. సేపలమ్ముకునేదాన్నే గానీ కళ్ళు లేనిదాన్ని కాదు. నువ్వే వొచ్చి సెప్తావని సూసేను. ఈ వారం సెప్తాది, పైవారం సెప్తాది అనుకున్నాను. మరి మీ ఈదికి రాబుద్ధి కానేదు."

"ఆకు చూసి పొరపాటు పడ్డానత్తా. కావాలని కాదు."

"ఆకు మాట ఒగ్గేయ్" అంది. అప్పుడు తలెత్తింది. "ఆ యేడేళ్ళూ సెట్టు తినేసినాది. సెట్టు కడుపులో ఏటున్నాదో నీకేటి తెలుస్తాది, నాకేటి తెలుస్తాది. ఈ రెండేళ్ళు మాత్రం నువ్వు తినేసినావు పాపా."

గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. నాకు కూర్చోవాలనిపించింది, కూర్చోలేదు. చెట్లు నరికి అంటు కడతానని, ఆడకొమ్మలు మా పెరటి చెట్లవే తెస్తానని చెప్పాను. తొమ్మిదింటిలో ఒకటి పుప్పొడికి ఉంచి ఎనిమిది కోయాలన్నాను. ఆవిడ ఆ చెట్లకేసి చూసింది. నీళ్ళు మోసి పెంచిన చెట్లు, ఆవిడకంటే రెండింతల ఎత్తున్నాయి.

"నరికితే మల్లీ ఎన్నేళ్ళు?"

"నాలుగు."

గంప బోర్లించింది. "కొయ్యి. రేపే కొయ్యి" అంది.

కోశాను. రంపం నేనే పట్టాను, ఇంకెవరినీ రానివ్వలేదు. మగదైనా చెట్టు చెట్టే, కోస్తుంటే పచ్చివాసన గుప్పుమంది. ఆవిడ లోపల కూర్చుంది, బయటికి రాలేదు. మోళ్ళకు వానల్లో చిగుళ్ళొచ్చాయి. అంటుకు పక్కకు పోయే కొమ్మకంటే నిలువుగా లేచే కొమ్మ మంచిది. అలాంటివి చెట్టుకు కొన్నే ఉంటాయి. మా చెట్ల తలలన్నీ కోసి తెచ్చాను. పెరడు మొండిగా అయిందని అమ్మ నెల్లాళ్ళు సణిగింది. ఎనిమిదింటిలో అయిదు అంట్లు పట్టాయి, మూడు ఎండిపోయాయి. ప్రతి ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళి కట్లు చూసేదాన్ని, మగచిగుళ్ళు గిల్లేసేదాన్ని. ఆవిడ మంచినీళ్ళిచ్చేది. చెట్ల గురించి తప్ప ఇంకేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. మిగతా రోజుల్లో ఆవిడ జెట్టీకి వెళ్ళేది, గంప ఎత్తుకునేది.

చెప్పినట్టే నాలుగో ఏడు కాశాయి. ఆవిడ గంప దించేసింది. ఊళ్ళో అందరికీ తెలిసింది ఇంతవరకే. ఆ మొన్నొచ్చిన ఆవిడ విన్నదీ ఇదే.

తొలికాపు కోతకొచ్చినప్పుడు కాయ చీల్చబోతే చేపలత్త చేతిలో కత్తి నిలవలేదు. కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఫెర్రీలో అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళి ఆసుపత్రిలో చూపించాను. డాక్టరు కుర్రాడు, కొత్తగా మెయిన్‌లాండ్ నుంచి వచ్చాడు. తెలుగు రాదు, హిందీ కూడా అంతంతమాత్రమే. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, మెడ ఎముకల మధ్య నరం నలిగిపోయిందని ఇంగ్లీషులో నాకు చెప్పాడు. ఏం పని చేస్తుందని అడిగాడు. చెప్పాను. ఈవిడ ఓ రెండేళ్ళ ముందు బరువు మోయడం మానేసి ఉంటే చెయ్యి దక్కేది, ఇప్పుడిక తిరిగి రాదు అన్నాడు. మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు.

"ఏటంతన్నాడు?" అని చేపలత్త నన్నడిగింది.

మందులు రాస్తున్నాడని చెప్పొచ్చు. అది అబద్ధమేమీ కాదు.

"రెండేళ్ళ ముందు గంప దించేసి ఉంటే చెయ్యి దక్కేదంటున్నాడత్తా" అన్నాను.

"అచ్ఛా" అంది. ఎడమచేత్తో కుడిచేతిని బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.